అడవి అంటే నాలుగున్నర

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి సంచిలో ఎక్కువ ఉత్తరాలు ఒకే దారిన వచ్చాయి. పదకొండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు చదివే గూఢచారి సాహస నవలల గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు అడిగినవి ఇవి. రాసేవాళ్లూ చదివేవాళ్లూ చదివించేవాళ్లూ అందరూ ఉన్నారు. ఉత్తరాలను కుదించాం.

*

ప్రశ్న: నేను రాస్తున్న కథలో ఇద్దరు స్నేహితులు రహస్య లిపిలో ఉత్తరాలు రాసుకుంటారు. ఇంగ్లీషులో ఏకి బదులు బి, బికి బదులు సి రాసినట్టు తెలుగులో క బదులు ఖ, ఖ బదులు గ అని రాసి చూశాను. చదవడానికే రావడం లేదు. తెలుగులో కుదిరే కిటుకు ఏదైనా చెప్పండి. వీణ నేర్చుకుంటున్నాను, రాగాల పేర్లు కూడా వాడొచ్చా?
— తొమ్మిదో తరగతి విద్యార్థిని, విజయనగరం

జవాబు: రాగాల పేర్ల మాట ఎత్తావు కదమ్మా, నీకు కావలసింది అందులోనే ఉంది.

ముందు నీ పద్ధతి ఎందుకు చెడిందో చూద్దాం. ‘మాఘం’ అన్న మాటను ఒక్కో అక్షరం ముందుకు జరిపితే ‘యాఙం’ అవుతుంది. దాన్ని రాసే చెయ్యీ తడబడుతుంది, చదివే నోరూ తిరగదు. పైగా హల్లు మారినా దీర్ఘం, సున్నా ఎక్కడివక్కడే ఉండిపోతాయి. మాట ఆకారం బయటపడుతూనే ఉంటుంది కాబట్టి నాలుగు వాక్యాలు దొరికితే చాలు, ఎవరైనా విప్పేస్తారు.

మన దగ్గర వందల ఏళ్లుగా వాడుకలో ఉన్న కటపయాది పద్ధతి తీసుకో. ఇందులో ప్రతి హల్లుకూ ఒక అంకె. క నుంచి ఝ వరకు వరసగా 1 నుంచి 9, ఞ సున్నా. ట నుంచి ధ వరకు మళ్లీ 1 నుంచి 9, న సున్నా. ప ఫ బ భ మ లకు 1 నుంచి 5. య ర ల వ శ ష స హ లకు 1 నుంచి 8. మాట మొదట్లో అచ్చు వస్తే సున్నా. గుణింతం ఏదైనా లెక్క మారదు: క, కి, కో అన్నీ ఒకటే. అనుస్వారాన్ని లెక్కలోకి తీసుకోరు. సంయుక్తాక్షరంలో చివరి హల్లుకే విలువ. వచ్చిన అంకెలను వెనక నుంచి ముందుకు చదవాలి.

కర్ణాటక సంగీతంలో మూలమైన మేళకర్త రాగాలకు పేర్లు అమర్చింది ఈ లెక్కతోనే. నువ్వు సరళీవరసలు పాడిన మాయామాళవగౌళలో మొదటి రెండక్షరాలు మా, యా. అంటే 5, 1. తిప్పితే 15. అది పదిహేనో మేళకర్త. ధీరశంకరాభరణంలో ధీ 9, ర 2. తిప్పితే 29.

ఇక కథలోకి రా. ‘అడవి’ తీసుకో. అ 0, డ 3, వ 4. తిప్పితే 430. అంటే నాలుగున్నర. నీ స్నేహితురాలు ‘అడవి సంగతి మర్చిపోకు’ అని చీటీ రాస్తే, దాన్ని దొంగతనంగా చదివినవాడు అడవి వెతుక్కుంటూ పోతాడు. వీళ్లిద్దరూ నాలుగున్నరకు గంట స్తంభం దగ్గర కలుసుకుంటారు. చీటీ చదివినవాడికి అందులో రహస్యం ఉందన్న అనుమానమే రాదు. పిచ్చి గీతల చీటీ అయితే ఎవరైనా అనుమానిస్తారు.

ఇందులో తప్పులు జరిగే చోట్లు రెండు. వాటినీ కథలో వాడుకో. ‘సముద్రం’లో స 7, మ 5, ద్ర అన్నచోట ద కాదు, ర లెక్క. అంటే 2. తిప్పితే 257. తొందరలో ద ను లెక్కపెట్టినవాడికి 857 వస్తుంది, తిప్పడం మరిచినవాడికి 752 వస్తుంది. 257 మీద అంకెల తాళం పెట్టి ఉంటే అది తెరుచుకోదు. రెండోది, ఒక అంకెకు ఎన్నో మాటలు కుదురుతాయి. ‘కలువ’ అన్నా 431, ‘పడవ’ అన్నా 431. కాబట్టి రాసేవాళ్లకు మాట ఎంచుకునే వీలుంటుంది, విప్పేవాళ్లకు మాత్రం ఒకే అంకె వస్తుంది. అంకె నుంచి మాటకు వెనక్కి వెళ్లే పని ఎప్పుడూ పెట్టకు, అక్కడ కథ చిక్కుపడుతుంది.

ఇది అంకెలకే పనికొస్తుంది. పూర్తి వాక్యం పంపాలంటే ఇద్దరి దగ్గరా ఉన్న పుస్తకం వాడాలి: పేజీ, వరస, మాట. పాఠ్యపుస్తకమైతే ఇద్దరిదీ ఒకే ఏడాది ముద్రణ కావాలి. పాఠం పేరును ఒక వరసగా లెక్కపెట్టాలా వద్దా అన్నది ముందే అనుకోవాలి.

*

ప్రశ్న: మా బడిలో గ్రంథాలయ పీరియడ్‌లో పిల్లలు చదివిన గూఢచారి కథలోని కనిపించని సిరాను చేయించాను. నిమ్మరసంతో రాసి కొవ్వొత్తి మీద పెడితే మూడు కాగితాలు అంటుకున్నాయి, రెండు మసిబారాయి. కథలో మాత్రం చక్కగా అక్షరాలు వచ్చాయి!
— తెలుగు ఉపాధ్యాయుడు, టెక్కలి

జవాబు: మాస్టారూ, కొవ్వొత్తి కథల్లోనే ఉండనివ్వండి. బడిలో ఇస్త్రీపెట్టె వాడండి, అదీ మీ చేతుల్లోనే.

అర నిమ్మచెక్క రసానికి అర చెంచా నీళ్లు కలిపి వడకట్టండి. గీతల్లేని తెల్ల కాగితం మీద చెవిపుల్లతో రాయించండి. పెన్ను పాళీ అయితే గీరుకుపోయి, వెలుతురులో ఏటవాలుగా చూస్తే గీత కనబడుతుంది. రసం ఎక్కువైతే కాగితం ముడతలు పడుతుంది, అది కూడా గుట్టు బయటపెట్టేదే. పావుగంట నీడన ఆరనిచ్చి, పైన ఇంకో కాగితం వేసి, ఆవిరి లేకుండా నూలుబట్టల వేడి మీద అయిదారు సెకన్ల చొప్పున అద్దుతూ చూడండి. నిమ్మరసం తగిలిన చోటు మిగతా కాగితం కన్నా తక్కువ వేడికే గోధుమరంగుకు తిరుగుతుంది. కిటుకంతా ఆ కొద్ది తేడాలోనే ఉంది. కొవ్వొత్తి మంట దగ్గర ఆ తేడా నిలవదు, అంతా ఒకేసారి కాలుతుంది.

వేడి అక్కర్లేని దారి ఇంకొకటి ఉంది. అన్నం వార్చిన గంజిని వడకట్టి, అంతే నీళ్లు పోసి, దానితో రాసి ఆరబెట్టండి. గాయాలకు రాసే పోవిడోన్ అయొడిన్ మందు ఒక చెంచాకు పది చెంచాల నీళ్లు కలిపి దూదితో పైపైన అద్దండి. గంజిలోని పిండిపదార్థానికి అయొడిన్ తగలగానే అక్షరాలు నీలినలుపుగా లేస్తాయి. ఒక్కోసారి కాగితం మొత్తం నీలంగా మారుతుంది. దాని తయారీలోనే గంజిపొడి కలిపి ఉంటారు. ముందు ఒక మూల అద్ది చూసి, మరో రకం కాగితం తీసుకోండి.

నవల రాసే పిల్లలు మీ తరగతిలో ఉంటే వాళ్లకు ఇదొక్కటి చెప్పండి. నిమ్మరసం ఉత్తరాన్ని ఒకసారి వేడిచేస్తే మళ్లీ మామూలు కాదు. దారిలో కాజేసి చదివినవాడు దాన్ని ఎప్పటిలా మడిచి పంపలేడు. ఉత్తరం అందిందంటే ఎవరూ చదవలేదని అర్థం, గోధుమరంగు అక్షరాలతో అందిందంటే ఎవరో చదివారని అర్థం. కథకు ఇంతకన్నా మంచి మలుపు ఊరికే దొరకదు.

*

ప్రశ్న: నా మొదటి నవలలో కీలక ఘట్టం కళింగపట్నంలో. మే నెల. సూర్యుడు సముద్రంలో మునిగిపోతుండగా కుర్రాళ్లు ఇసుకలో దాక్కుంటారు. పౌర్ణమి నాటి అర్ధరాత్రి చిమ్మచీకట్లో ఒక మోటారు పడవ వచ్చి పెట్టెలు దించుతుంది. ఎవరూ చూడరు. కుర్రాళ్లు శ్రీకాకుళం రైల్వేస్టేషన్‌కు పరుగెత్తి వెళ్లి రైలెక్కుతారు. సరిగ్గా ఉందా?
— నరసన్నపేట పాఠకుడు

జవాబు: ఊపు బాగుంది. కానీ మీ పాఠకుల్లో సగం మంది ఈ తీరం పిల్లలే అయితే మొదటి వాక్యం దగ్గరే పుస్తకం మూసేస్తారు. మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, మన వెనక ఊరి వైపు అస్తమిస్తాడు. సినిమాలు చూసి రాసిన ప్రతి రెండో రాతప్రతిలో ఈ తప్పు కనబడుతోంది.

పౌర్ణమి నాడు చంద్రుడు ఇంచుమించు సూర్యాస్తమయానికే లేచి అర్ధరాత్రికి నడినెత్తికి వస్తాడు. ఇసుక మీద మనిషి నీడ కూడా కనబడే వేళ అది, చిమ్మచీకటి ఎక్కడిది? చీకటి కావాలంటే అమావాస్య పెట్టుకోండి. మాకు నచ్చేది బహుళ అష్టమి. ఆ రోజు చంద్రుడు అర్ధరాత్రి ప్రాంతంలో గానీ లేవడు. అంతవరకు కుర్రాళ్లకు ఏమీ కనబడదు, చప్పుళ్లే వినబడతాయి. సరిగ్గా పెట్టెలు దించుతుండగా సముద్రం మీద వెన్నెల మొదలవుతుంది. అప్పుడు ముఖాలు కనబడతాయి. శుద్ధ అష్టమికి ఇది తలకిందులు: సాయంత్రం వెన్నెల, అర్ధరాత్రికి చంద్రుడు దిగిపోతాడు. మీ కథ ఏ తిథిన మొదలైందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. చంద్రోదయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది.

పోటు ఆటులు కూడా అంతే. రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు. పోటుకూ ఆటుకూ మధ్య ఆరు గంటలకు కాస్త పైన. రేపటి పోటు ఇవాళ్టికన్నా ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యం. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఆటుల నీటి ఎత్తుల్లో తేడా పెద్దది, అష్టమికి చిన్నది. ఏదో కథలోలా నీళ్లు మైలు దూరం వెనక్కి పోవడం మన దగ్గర ఉండదు. అయితే ఇసుక మీద పడిన అడుగుజాడలను పోటు చెరిపేస్తుంది. ఏ జాడలు చెరిగాయి, ఏవి మిగిలాయి అన్నదాన్ని బట్టి మనుషులు ఎప్పుడు వచ్చారో కుర్రాళ్లు లెక్కగట్టవచ్చు.

అన్నిటికన్నా పెద్దది మే నెల. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మర పడవల వేట నిషేధం. మోటారు లేని సంప్రదాయ తెప్పలకే వెసులుబాటు. ఆ రోజుల్లో అర్ధరాత్రి ఇంజను చప్పుడు వినిపిస్తే వాడ మొత్తం లేచి కూర్చుంటుంది. ఇది మీ కథకు అడ్డం కాదు, ఆధారం. జాలరి ఇంటి పిల్లవాడికి మొదటి అనుమానం రావలసింది ఆ చప్పుడు నుంచే: ‘ఈ నెల్లో ఇంజనేటి?’ బయటి ఊరి కుర్రాడికి అది తట్టదు. మీ ఇద్దరు నాయకుల్లో ఎవరికి ఏం తెలుసో ఈ ఒక్క వాక్యంతో తేలిపోతుంది. నిషేధం లేని నెలల్లో ‘ఎవరూ చూడరు’ అని రాస్తే అసలు కుదరదు, తెల్లవారుజామునే జనం వేటకు బయల్దేరుతారు.

వంశధార నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక తిన్నెలు ఒకచోట నిలవవు. కొత్తవాడు పడవను నేరుగా మొగలోకి తెస్తే తిన్నె మీద ఎక్కించేస్తాడు. కాబట్టి పడవను సాఫీగా తెచ్చినవాడి పక్కన ఊరి మనిషి ఎవరో ఉన్నట్టే. ఇంటిదొంగను పట్టుకోవడానికి ఇది చాలు. లైట్‌హౌస్‌ను సంకేతాలకు వాడాలని మాత్రం అనుకోకండి. ప్రతి లైట్‌హౌస్‌కూ తనదైన మెరుపుల లెక్క ఉంటుంది, అది నావికుల పట్టికల్లో ఉంటుంది. ఒక్క మెరుపు తేడా వచ్చినా సముద్రంలోని ప్రతి ఓడకూ తెలిసిపోతుంది. చేతి టార్చి చాలు.

చివరగా రైలు. శ్రీకాకుళం ఊళ్లో ప్రధాన మార్గం స్టేషన్ లేదు. ‘శ్రీకాకుళం రోడ్’ ఉన్నది ఆమదాలవలసలో, పట్నం నుంచి 10 కిలోమీటర్లకు పైనే. కళింగపట్నం నుంచి పరుగెత్తి రైలందుకుంటే వాళ్లు గూఢచారులు కారు, హనుమంతులు.

*

ప్రశ్న: పద్నాలుగేళ్ల కుర్రాడిని ‘రా’ ఏజెంటుగా నియమించినట్టు రాయొచ్చా?
— పదో తరగతి విద్యార్థి, రాజాం

జవాబు: ఇవాళ్టి కథలో వద్దు. ‘రా’ 1968లో పెట్టిన సంస్థ, పని విదేశాలకు సంబంధించింది. దేశం లోపలి సంగతులు ఇంటెలిజెన్స్ బ్యూరో చూస్తుంది. రెండింటి అధికారులూ పిస్తోలు చూపించి బేడీలు వెయ్యరు, అరెస్టు చేసేది పోలీసులు. పద్నాలుగేళ్ల పిల్లవాడికి ప్రభుత్వ ఉద్యోగమే లేదు, గూఢచారి ఉద్యోగం సంగతి సరే సరి. కుర్రాడు అనుకోకుండా ఇరుక్కోవాలి. పెద్దవాళ్లకు చెబితే నమ్మకపోవడానికి బలమైన కారణం ఉండాలి.

ఉద్యోగమే కావాలంటే చరిత్రలోకి వెళ్లు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ‘సత్రి’ అనే తరగతి గూఢచారులున్నారు. దిక్కులేని పిల్లలను రాజ్యమే పోషించి, శకునాలు, సాముద్రికం, గారడీ లాంటి విద్యలు నేర్పి తిప్పుతుంది. లేదా 1757 జనవరి, బొబ్బిలి కోట, బయట ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు. కోట లోపలికీ బయటికీ కబుర్లు మోసే పన్నెండేళ్ల పిల్లవాడు. ఈ కథ మీ ఊరికి దగ్గరిదే.

*

ప్రశ్న: సెల్‌ఫోన్ ఉన్న కాలంలో సస్పెన్స్ ఎలా? ఫొటో తీసి పోలీసులకు పంపితే కథ అయిపోతుంది. ప్రతిసారీ బ్యాటరీ అయిపోయిందని రాయలేను కదా.
— పలాస పాఠకురాలు

జవాబు: బ్యాటరీ ఒక నవలలో ఒక్కసారే అయిపోవాలి. సిగ్నల్ లేకపోవడం కూడా ఒక్కసారే, అదీ కొండల్లో. మన పిల్లల అసలు పరిస్థితి రాస్తే ఆ రెండూ అక్కర్లేదు. ఇంట్లో ఒకటే ఫోను, అది అమ్మది. పిల్లవాడికి దక్కేది రాత్రి అరగంట. వాడు తీసిన ఫొటో కుటుంబం గ్రూపులోకి పోతుంది. గ్యాస్ ఓటీపీ కోసం అమ్మ ఫోను లాక్కుంటుంది. సరిగ్గా అప్పుడే ముఖ్యమైన కబురొస్తుంది. హాస్టలు పిల్లలైతే వార్డెను అసలు ఫోనే ఉండనివ్వడు.

ఫొటో సాక్ష్యం కాకుండా పోయే దారులు కూడా చూడండి. రాత్రి జూమ్ చేసి తీస్తే ముఖం మచ్చలా వస్తుంది. ఫ్లాష్ వెలిగితే దాక్కున్న చోటు తెలిసిపోతుంది.

*

ప్రశ్న: సంపాదకుడు నా నవల తిప్పిపంపారు. ‘ముగింపు అదృష్టం మీద నడిచింది’ అన్నారు. విలన్ జేబులోంచి పాస్‌పోర్టు జారిపడుతుంది, పిల్లలు చూస్తారు. అందులో తప్పేముంది?
— చీపురుపల్లి

జవాబు: సంపాదకుడు చెప్పింది నిజం. అదృష్టం పిల్లలను చిక్కుల్లో పడెయ్యొచ్చు గానీ బయటికి తియ్యకూడదు.

1929లో ఎరిక్ కేస్ట్‌నర్ జర్మన్‌లో రాసిన ‘ఎమిల్ అండ్ ది డిటెక్టివ్స్’లో ఎమిల్ 140 మార్కులను పోకుండా కోటు లోపలి జేబుకు గుండుసూదితో గుచ్చుకుంటాడు. రైల్లో ఆ డబ్బు పోతుంది. బెర్లిన్ పిల్లలంతా కలిసి దొంగను వెంటాడతారు. చివర బ్యాంకులో ‘ఈ నోట్లు నీవే అని రుజువేది?’ అంటే, నోట్లకు ఉన్న సూది చిల్లులే రుజువు. ఆ సూదిని పాఠకుడు మొదట్లోనే చూశాడు. చూసి కూడా పట్టించుకోలేదు.

మీ ఆధారాన్ని మూడుసార్లు నాటండి. మొదటిసారి వేరే పనిలో భాగంగా, రెండోసారి తప్పు అర్థంతో, మూడోసారి అసలు అర్థంతో. ఒక నమూనా: జీడి పరిశ్రమలో పదేళ్లుగా పిక్కలు కొడుతున్నానని చెప్పుకునే కొత్త మనిషి. జీడిపిక్క తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, వేళ్లు నల్లబారతాయి. మొదటి అధ్యాయంలో పక్కింటి అత్త చేతులకు ఆముదం రాసుకుంటూ కనబడాలి. నాలుగో అధ్యాయంలో ఆ కొత్త మనిషి పిల్లవాడికి అరిసె అందించాలి, ‘శుభ్రమైన మనిషి’ అని వాళ్లమ్మ మెచ్చుకోవాలి. పన్నెండో అధ్యాయంలో పిల్లవాడికి ఆ తెల్లటి వేళ్లు గుర్తుకు రావాలి. విలన్ మాత్రం పుస్తకం మొదటి మూడో వంతులోనే అడుగుపెట్టి ఉండాలి.

*

ప్రశ్న: సంభాషణల్లో మన యాస పెడితే బయటి జిల్లాల పిల్లలకు అర్థమవుతుందా?
— విశ్రాంత ఉపాధ్యాయురాలు, శ్రీకాకుళం

జవాబు: అవుతుందమ్మా. కథనం మామూలు వాడుక భాషలో నడిపి, మాటల్లో యాస ఉంచండి. ‘ఏటి’, ‘నేదు’, ‘వొచ్చీసినాడు’ ఎవరికైనా సందర్భాన్ని బట్టి తెలుస్తాయి. అయితే ఒకే పాత్ర ఒక పేజీలో ‘నేదు’, తర్వాతి పేజీలో ‘లేదు’ అనకూడదు. ఇంకొకటి గట్టిగా చెప్పాలి. నాయకుడు పత్రికల భాష మాట్లాడి, పాలేరూ దొంగా మాత్రమే యాస మాట్లాడితే అది మన పిల్లలను మనమే వెక్కిరించడం. తెలివైన పిల్ల నోటే ఆ యాస పలికించండి.

గూఢచారి కథలో యాసే ఆధారం కూడా. ఇచ్ఛాపురం వాడినని చెప్పుకునేవాడు ఉలిక్కిపడి ‘ఏంటి?’ అన్నాడనుకోండి, దొరికినట్టే. దానికన్నా సూక్ష్మమైనది ఇంకొకటి. నేర్చుకున్నవాడు యాసను ఎక్కడా తగ్గించడు. మన ఊరి మనిషి బ్యాంకులో ఒకలా, బజార్లో ఇంకోలా, వాళ్లమ్మతో మరోలా మాట్లాడతాడు. మేనేజరు ముందు కూడా అదే జోరుగా ‘సెప్పీసినాను కదేటి’ అనే మనిషిని అనుమానించాల్సిందే.

*

ప్రశ్న: మా పన్నెండేళ్ల అబ్బాయి అటక మీది పాత పాకెట్ డిటెక్టివ్ నవలలు తీశాడు. చదవనివ్వాలా?
— బొబ్బిలి తండ్రి

జవాబు: అవి పెద్దవాళ్ల కోసం రాసినవి. ముందు మీరు తిరగేసి, హింస, ఆడవాళ్ల వర్ణనలు శ్రుతిమించినవి పక్కన పెట్టండి. మిగిలినవి చదవనివ్వండి. లాక్కుంటే దుప్పటి కింద చదువుతాడు.

*

ప్రశ్న: పిల్లల గూఢచారి నవల ఎన్ని పేజీలుండాలి?
— గజపతినగరం

జవాబు: 20,000 మాటల చుట్టూ ఉంటే చాలు. అధ్యాయం 1,200 మాటలకు మించొద్దు. డెమ్మీ సైజులో కాస్త పెద్ద అక్షరంతో పేజీకి 200 మాటలు పడతాయనుకుంటే ముందు పేజీలతో కలిపి 112 అవుతాయి. పుస్తకం 16 పేజీల ఫారాల లెక్కన అచ్చవుతుంది, 112 అంటే సరిగ్గా ఏడు ఫారాలు. 115 వచ్చాయా, ప్రెస్సువాళ్లు ఎనిమిదో ఫారం డబ్బు అడుగుతారు. వెంటాడే ఘట్టంలో మూడు పేజీలు కొట్టెయ్యండి. అక్కడ ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి.